మా ఊరి పక్క గొత్తికోయ గుంపు పిల్లలకు బడిలో చోటు కావాలి, దారి చెప్పండి

మిర్చితోట · జూన్ 13, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. దుమ్ముగూడెం, చర్ల మధ్య ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయడం లేదు. అది బయటపడితే ముందు ఇబ్బంది పడేది నేను కాదు, వాగు అవతలివాళ్ళు.

మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో అడవి అంచున గొత్తికోయ ఆదివాసీల గుంపు ఉంది. ఇరవై రెండు గుడిసెలు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు నుంచి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా చేలల్లో మిరపకాయ ఏరేది వాళ్ళే. నాకున్నది రెండెకరాల మిర్చి. ఆరేళ్ళుగా అవే చేతులు నా పంటను ఇంటికి చేరుస్తున్నాయి.

ఆ గుంపులో ఆరేళ్ళు దాటి బడి ముఖం చూడని పిల్లలు పద్నాలుగు మంది. నిన్న బడులు తెరిచారు కదా, నలుగురు తల్లుల్ని, ఏడుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ప్రైమరీ బడికి వెళ్ళాను. పెద్దసారు కోప్పడలేదు, కూర్చోమన్నారు. కానీ "ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, ఆన్‌లైన్‌లో పేరు ఎక్కదు. రేపు ఎంక్వయిరీ వస్తే నేనే కదమ్మా జవాబు చెప్పుకోవాలి" అన్నారు. వరండాలో మా ఊరివాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకాయన "ఇవాళ బెంచీ ఇస్తే రేపు ఇళ్ళ స్థలాలు అడుగుతారు" అని అందరికీ వినబడేలా అన్నాడు.

ఒక పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. మందు సంచితో కుట్టిన బ్యాగులో పలక పెట్టుకుని వచ్చింది. పెద్దవాళ్ళం మాట్లాడుతున్నంతసేపూ గోడ మీది అంకెలే చూస్తూ నిలబడింది. తిరిగి వస్తూ వాగు ఇసుకలో కట్టెపుల్లతో 4 అంకె గీసింది. తలకిందులుగా. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

వచ్చే నెలలో గ్రామసభ పెడతారట. అక్కడ మాట్లాడాలని ఉంది. ఏం మాట్లాడాలి, ఎవరిని కలవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.


ఖమ్మం_ప్లీడరు · జూన్ 13, రాత్రి 10:55

అమ్మా, ముందు బడి సంగతి చూద్దాం. మిగతావి తరువాత.

విద్యాహక్కు చట్టం 2009లోది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు రుజువు లేదని ఏ పిల్లకూ ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. ఇంతవరకు బడికి వెళ్ళని పిల్లనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, మిగతావాళ్ళతో సమానంగా నిలబడేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, అది 4వ సెక్షన్. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది 9వ సెక్షన్. వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదేనని అందులో విడిగా రాసి ఉంది. అంటే మీరు పంచాయతీని దయ చూపమని అడగడం లేదు, పంచాయతీ చేయాల్సిన పనిని గుర్తుచేస్తున్నారు.

ఆధార్ గురించి సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పులో తేల్చేసింది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు.

పెద్దసారుతో గొడవ వద్దు. ఆయన భయం ఆన్‌లైన్ గురించి. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, సుమారు వయసు, గుంపు పేరుతో ఒక దరఖాస్తు రెండు కాపీలు రాయండి. ఒకటి ఆయనకు ఇచ్చి రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. చేర్చుకోలేనంటే అదే మాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. నోటితో కాదన్నంత తేలిగ్గా కాగితం మీద కాదని రాయలేరు.


గోదారిగట్టు · జూన్ 14, ఉదయం 6:30

నా మాట కటువుగా ఉంటే క్షమించండి. ఇప్పుడు అక్కడ కాస్త ప్రశాంతంగానే ఉంది అంటున్నారు కదా. వాళ్ళ ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతే మంచిది కాదా? ఎంతకాలం ఇలా రెండు రాష్ట్రాలకూ కాకుండా ఉంటారు?


చర్ల_మాస్టారు · జూన్ 14, ఉదయం 8:15

గోదారిగట్టు గారూ, మీరు అడిగింది తప్పు ప్రశ్న కాదు. నేను ఈ మండలాల్లో ఇరవై ఆరేళ్ళు పంతులుగా పనిచేశాను, వాళ్ళు రావడం కళ్ళారా చూశాను.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది, అంటే మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళాలు. ఇప్పటి బీజాపూర్, సుక్మా అప్పుడు అందులోవే. ఒక పక్క జుడుంవాళ్ళు క్యాంపుల్లోకి రాకపోతే ఊరు తగలబెడతామన్నారు. వెళ్తే మావోయిస్టులు ఇన్‌ఫార్మరువి అన్నారు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. క్యాంపుకు పోలేనివాళ్ళు అడవిలో రాత్రిళ్ళు నడిచి ఇటు వచ్చారు. మొదటి సంవత్సరం మా బడి వెనక ఇప్పచెట్టు కింద ఒక కుటుంబం దిగింది. వాళ్ళ దగ్గర ఉన్నవి ఒక గిన్నె, ఒక గొడ్డలి, విత్తనాల మూట. ఇంకేమీ లేవు. ఆ విత్తనాల మూటను ఆ తల్లి తల కింద పెట్టుకుని పడుకునేది.

2011 జులై 5న సుప్రీంకోర్టు జుడుం తరహా దళాలు రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చింది. కానీ తీర్పుతో ఊరు తిరిగి లేవదు కదా. పదిహేను, ఇరవై ఏళ్ళలో అక్కడి భూమి వేరేవాళ్ళ సాగులోకి పోయింది. కొందరికి ఇల్లున్న చోట చెట్లు లేచాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ ఊరి పేరు తప్ప ఇంకేం తెలుసు? వెళ్ళాలనుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి, వాళ్ళ భూమి వాళ్ళకు ఇప్పించాలి. వెళ్ళేదాకా పిల్ల చదువు ఆగాలా? ఎనిమిదేళ్ళ వయసు మళ్ళీ రాదు.

ఇంకో మాట. 'గొత్తికోయలు' అనేది మనం పెట్టిన పేరు. వాళ్ళు తమను తాము కోయ అనో, మురియ అనో చెప్పుకుంటారు. మీరు గ్రామసభలో మాట్లాడేటప్పుడు ఒకసారి వాళ్ళనే అడగండి, మిమ్మల్ని ఏమని పిలవమంటారని.


ఇప్పచెట్టు · జూన్ 14, మధ్యాహ్నం 1:20

నేను ఇక్కడి కోయ బిడ్డను. డిగ్రీ చదివాను. అందరూ జాలి గురించి మాట్లాడుతున్నారు, మా సంగతి కూడా వినండి.

మా తాతలు చేసుకున్న పోడుకు పట్టా రావడానికి మాకే ఒక తరం పట్టింది. 2023లో పట్టాలు ఇచ్చినప్పుడు కూడా మా ఊళ్ళో సగం మందికి రాలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏటా పైకి పైకి నరుక్కుంటూ పోతుంటే, ఫారెస్టువాళ్ళు ఆ కోపమంతా మా మీద చూపిస్తున్నారు. ఇంటి కప్పుకు వాసం తెచ్చుకున్నా కేసు. రేపు వాళ్ళకు కులం సర్టిఫికెట్లు ఇస్తే మా పిల్లల హాస్టల్ సీట్లు, ఉద్యోగాలు వాళ్ళు పంచుకోరా? మాకు వాళ్ళ మీద కోపం లేదు. మా భాషే వాళ్ళది, సంబంధాలు కూడా కలుపుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ ఏదైనా ఇచ్చేటప్పుడు మా ముద్దలోంచి తీసి ఇస్తున్నారని భయం.


ఖమ్మం_ప్లీడరు · జూన్ 14, సాయంత్రం 5:05

తమ్ముడూ, నీ భయంలో నిజం ఉంది. అందుకే ఏది దేనికి సంబంధించిందో విడదీసి చెబుతాను.

రిజర్వేషన్: ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ హక్కు రాదని సుప్రీంకోర్టు 1990లోనే మర్రి చంద్రశేఖర రావు కేసులో చెప్పింది. కాబట్టి మీ సీట్లకు వాళ్ళు పోటీ రావాలంటే చట్టం ఒప్పుకోదు. నిజానికి ఇది వాళ్ళకు పెద్ద దెబ్బ. అక్కడ ఎస్టీ, ఇక్కడ ఏమీ కాదు.

భూమి: అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబరు 13 గడువు. ఆ తరువాతి సాగుకు హక్కు రాదు. వాళ్ళలో చాలామంది ఆ ఆరు నెలల అల్లకల్లోలంలోనో, ఆ తరువాతో ఇల్లు వదిలారు. అదే చట్టంలో 3(1)(ఎం) క్లాజు ఉంది. ఆ తేదీకి ముందు పునరావాసం లేకుండా అడవి నుంచి అక్రమంగా వెళ్ళగొట్టబడిన ఆదివాసీలకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం హక్కుగా ఇవ్వాలి. వాళ్ళ కోసం పోరాడేవాళ్ళు ఎక్కువగా పట్టుకుంటున్నది దీన్నే. ఇది రెండు రాష్ట్రాలు, కేంద్రం కూర్చుని తేల్చాల్సిన సంగతి. మీ ఊరి గ్రామసభలో తేలదు, అక్కడికి తేవద్దు.

బడి, టీకా, రేషన్, జననం నమోదు: వీటిలో ఎవరి వాటా నుంచీ తీసేది ఏమీ లేదు. బడిలో పద్నాలుగు మంది పెరిగితే మీ ఊరి బడికే బలం. పిల్లలు తక్కువైతే టీచర్ని వేరే చోటుకు సర్దుతారు, అది మీకు తెలిసిందే.


మిర్చితోట · జూన్ 14, రాత్రి 8:50

ప్లీడరు గారూ, ఆ చివరి మాట నాకు తట్టనే లేదు. మా బడిలో ఇప్పుడు పద్దెనిమిది మంది పిల్లలు. పోయినేడు రెండో టీచర్ని పంపించేస్తారని ఊరంతా టెన్షన్ పడ్డాం.

ఇప్పచెట్టు తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ మాట కాదనను. నేను భూమి గురించి సభలో ఎత్తను.


సెలవుతీసుకున్న_బీటు · జూన్ 15, ఉదయం 7:45

ఫారెస్టులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఈ చర్చలో మా డిపార్టుమెంటు మాట కూడా ఉండాలని రాస్తున్నాను.

2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో మా రేంజి అధికారిని ప్లాంటేషన్ దగ్గర గొత్తికోయలు ఇద్దరు నరికి చంపారు. కోర్టు ఇద్దరికీ జీవితఖైదు వేసింది. ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు. ఆ తరువాత అక్కడి పంచాయతీ గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. ఆ తీర్మానం విన్నప్పుడు మొదట న్యాయమే అనిపించింది. తరువాత ఆలోచిస్తే, నా బీటులో, అంటే నేను కాపలా కాసే అడవి భాగంలో, వేసవి మంటలార్పడానికి రాత్రి రెండింటికి నాతో నడిచినవాళ్ళూ ఆ గుంపులవాళ్ళే. ఇద్దరు చేసిన హత్యకు పాలు తాగే పిల్లను ఎలా వెళ్ళగొడతాం?

అమ్మా, మీకు ఒక సలహా. గుంపు పెద్దతో కూర్చుని ఇకముందు కొత్తగా ఒక్క చెట్టూ నరకమని వాళ్ళ నోటితోనే సభలో చెప్పించండి. స్థానిక కోయలకు, బీటువాళ్ళకు ఇద్దరికీ అదే పెద్ద ముల్లు. ఆ మాట పడితే సగం కోపం దిగుతుంది. వాళ్ళు నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వమనండి, మీరు బలవంతపెట్టొద్దు.


గోదారిగట్టు · జూన్ 15, ఉదయం 9:10

బీటు గారూ, ఆ పంచాయతీ తీర్మానం చెల్లుతుందా?


ఖమ్మం_ప్లీడరు · జూన్ 15, ఉదయం 9:40

చెల్లదు. వాళ్ళు భారత పౌరులు. దేశంలో ఎక్కడైనా తిరగడానికి, నివసించడానికి 19వ అధికరణం హక్కు ఇస్తోంది. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనం కోసం ఆ హక్కు మీద ఆంక్షలు పెట్టవచ్చు, అదీ అదే అధికరణంలో ఉంది. కానీ పెట్టాల్సింది చట్టం, పంచాయతీ తీర్మానం కాదు. రిజర్వు అడవిలో ఎక్కడ ఇల్లు వేసుకోవచ్చు అనేది వేరే ప్రశ్న.


ఆశా_అక్క · జూన్ 15, మధ్యాహ్నం 3:30

నేను ఆశా వర్కర్ని. నా పరిధిలో మూడు గొత్తికోయ గుంపులున్నాయి. చదువు గురించి మీరంతా చెప్పారు, నేను జననాల గురించి చెప్పాలి.

కాన్పులు ఇంకా గుడిసెల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన 21 రోజుల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయిస్తే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటితే జిల్లా లేదా సబ్ డివిజన్ మెజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి, ఇక ఎవరు తిరుగుతారు? చట్టం 2023లో మారింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడం దగ్గర నుంచి అన్నిటికీ జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి రుజువు. ఇప్పుడు పద్నాలుగు మంది గురించి మనం తిప్పలు పడుతున్నాం. ఇవాళ ఉయ్యాలలో ఉన్నవాళ్ళను రాయించకపోతే వాళ్ళకు బడి వయసు వచ్చేసరికి మళ్ళీ ఇదే గోడ.

మీ ఆశాను అడిగి గుంపులో మూడేళ్ళలో పుట్టిన పిల్లల లిస్టు రాయించండి. వాళ్ళకు తేదీ గుర్తుండదు. "ఇప్పపూలు రాలేటప్పుడా, మిరపకాయ ఏరేటప్పుడా, కొత్తల పండగకు ముందా" అని అడగండి. నేను అలాగే నెల పట్టుకుంటాను.

మలేరియా సీజన్ మొదలవుతోంది. బడికి వచ్చే పిల్లకు జ్వరమొస్తే కిట్‌తో అక్కడే చూడొచ్చు. బడికి రాని పిల్ల జ్వరం నా దాకా చేరేసరికి మూడు రోజులవుతుంది.


చర్ల_మాస్టారు · జూన్ 15, రాత్రి 9:00

చేర్చుకున్న తరువాత జరిగేది కూడా చెబుతాను. అక్కడే పిల్లలు జారిపోతారు.

మా బడికి మొదట్లో ఒక గొత్తికోయ పిల్లాడు వచ్చేవాడు. రోజూ పదకొండింటికి "ఏర్, ఏర్" అనేవాడు. నాతో పనిచేసే టీచరు కొత్త, మైదానం నుంచి వచ్చాడు. ఏటికి వెళ్ళి ఆడుకోవాలని అడుగుతున్నాడనుకుని కూర్చోమని గదిమేవాడు. నాలుగు రోజుల తరువాత ఒక కోయ పిల్ల నవ్వుతూ చెప్పింది, "సారూ, వాడికి దాహమేస్తోంది." కోయలో ఏర్ అంటే నీళ్ళు. నాలుగు రోజులు ఆ పిల్లాడు నీళ్ళడిగి తిట్లు తిన్నాడు. ఇన్నేళ్ళైనా నాకు బాధ పోలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చారు. ఎక్కడైనా పాత సెట్టు దొరికితే తెచ్చుకోండి. దొరక్కపోతే మీ బడిలోని కోయ పిల్లను ఒక్కొక్కరి పక్కన కూర్చోబెట్టమని సారును అడగండి.


కంచరపాలెం · జూన్ 16, ఉదయం 10:25

విశాఖ నుంచి. మా తాతయ్యవాళ్ళు రంగూన్‌లో పుట్టారు. 1942లో జపాన్ యుద్ధం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు పట్టి నడిచి ఇటు వచ్చారు. అందులో మన కోస్తావాళ్ళు ఎంతోమంది. మా ముత్తవ్వ ఆ నడకలోనే పోయింది. యుద్ధం అయ్యాక తాతయ్య మళ్ళీ వెళ్ళి, 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు లాగేసుకున్న తరువాత ఓడలో తిరిగొచ్చాడు. మా దగ్గర ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేరుంది.

వాళ్ళు మాట్లాడింది తెలుగే. అయినా కుళాయి దగ్గర "బర్మావాళ్ళు తరువాత పట్టుకోండి" అనేవారని మా నాన్న చెప్పేవాడు. ఒకరోజు పక్క వీధి ముసలావిడ తన బిందె తీసేసి మా నాయనమ్మ బిందె ముందు పెట్టిందట. మా ఇంట్లో ఆవిడ పేరు ఇప్పటికీ తలుస్తారు. మిర్చితోట అక్కా, మీరు చేస్తున్నది అదే పని.


డాలస్_నుంచి · జూన్ 16, రాత్రి 11:15

ఇక్కడ నేను నాలుగేళ్ళు శరణార్థి కుటుంబాలకు సాయం చేసే సంస్థలో వాలంటీరుగా ఉన్నాను. భూటాన్ నుంచి వెళ్ళగొట్టబడి నేపాల్ క్యాంపుల్లో ఏళ్ళ తరబడి ఉండి వచ్చిన కుటుంబాలు. నేను నేర్చుకున్నది ఒక్కటే. బడిలోగానీ ఆసుపత్రిలోగానీ వాళ్ళ పక్కన కూర్చోవాలి, వాళ్ళ బదులు మాట్లాడకూడదు. మొదట్లో నేనే గబగబా అన్నిటికీ జవాబు చెప్పేదాన్ని. ఒక తల్లి తరువాత నాతో అంది, "నువ్వు లేని రోజు వాళ్ళు నా వైపు చూడను కూడా చూడరు" అని.

డబ్బు అవసరమైతే చెప్పండి, పంపిస్తాను.


మిర్చితోట · జూన్ 17, ఉదయం 5:50

డాలస్ చెల్లీ, డబ్బు వద్దమ్మా. ఇప్పుడే డబ్బు మాట వస్తే ఎవరో వెనక ఉండి నడిపిస్తున్నారంటారు. నువ్వు చెప్పిన మాట మాత్రం పట్టుకున్నాను.

దరఖాస్తు ఇచ్చాను. పెద్దసారు కాగితం చాలాసేపు చదివారు. కాదని రాసివ్వమంటే పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టేశారు. "ముందు అటెండెన్సులో పెన్సిల్‌తో రాస్తాను, ఎంఈవో (మండల విద్యాధికారి) గారిని అడిగి ఆన్‌లైన్ సంగతి చూస్తాను" అన్నారు. ఆ పూట పిల్లలు అన్నం తిని వచ్చారు.


మిర్చితోట · జులై 9, రాత్రి 10:30

గ్రామసభ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుంపు నుంచి ఎనిమిది మంది వచ్చారు. ఆడవాళ్ళు ఐదుగురు. సభ మొదలు కాకముందే ఒకాయన లేచి, వీళ్ళకు ఇక్కడ ఓటుందా, ఎందుకు వచ్చారు అన్నాడు. సర్పంచ్ సమాధానం చెప్పలేక అటూ ఇటూ చూశాడు. నేను లేచి, ఓటు లేకపోయినా ఇది వాళ్ళ పిల్లల సంగతి, పది నిమిషాలు విని తరువాత మీ ఇష్టం అన్నాను. నా గొంతు వణికింది. మా ఆయన వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాడు. రాత్రి ఇంటికొచ్చాక మాత్రం "బాగానే మాట్లాడావు" అన్నాడు.

కోయ నుంచి తెలుగులోకి చెప్పడానికి ఎవరొచ్చారో తెలుసా? ఇప్పచెట్టు తమ్ముడు. ముప్పై కిలోమీటర్లు బండి మీద వచ్చాడు. నేను పిలవలేదు. తప్పుగా తర్జుమా చేస్తే రెండు పక్కలకూ నష్టం అన్నాడు.

ఒక తల్లి మాట్లాడింది. పోయినేడు పిల్లకు జ్వరమొస్తే బిళ్ళలు ఇచ్చారట. సగం వేయమని చీటీ మీద రాసి ఉందట. ఆమెకు చదవడం రాదు, మొత్తం వేసింది. పిల్ల రాత్రంతా వాంతులు చేసుకుంది. "నా కూతురు ఆ చీటీ చదవగలిగితే చాలు" అంది. ఇంకేం అనలేదు, కూర్చుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఊళ్ళో చీటీ చదవలేని తల్లులు ఇంకా ఉన్నారు కదా.

గుంపు పెద్ద కొత్త చెట్లు నరకమని మాట ఇచ్చాడు. ఉన్న సాగు మాత్రం వదలలేమని కూడా అన్నాడు. బీటాఫీసరు ఒప్పుకోలేదు, అలాగని లేచి వెళ్ళనూ లేదు. పిల్లల్ని బడిలో చేర్చాలని తీర్మానం రాశారు. ఇళ్ళ స్థలాలన్నాయన సంతకం పెట్టలేదు.


ఇప్పచెట్టు · జులై 9, రాత్రి 11:40

భూమి విషయంలో నా మాట మారలేదు, అక్క అపార్థం చేసుకోదని తెలుసు. కానీ ఆ తల్లి మాటను తెలుగులో చెప్పేటప్పుడు నా గొంతే పూడుకుపోయింది. మా అమ్మ కూడా చీటీ నాతోనే చదివించుకునేది.


మిర్చితోట · ఆగస్టు 22, రాత్రి 8:20

ఇప్పటికి లెక్క. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది రిజిస్టరులో పెన్నుతో ఎక్కారు. ముగ్గురు మేకల వెంట పోతున్నారు, ఇంకా ఒప్పించలేదు. ఇద్దరికి పదమూడేళ్ళు దాటాయి. చిన్న పిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడుతున్నారు.

జులై చివర వాగు పొంగి పదకొండు రోజులు ఎవరూ రాలేదు. పన్నెండో రోజు మందు సంచి బ్యాగు పిల్ల తండ్రి భుజం మీద వచ్చింది. 4 ఇప్పుడు నిటారుగా రాస్తోంది. 7 తలకిందులవుతోంది.

ఇప్పుడు రెండు పనులున్నాయి. వాగు దాటే ఏర్పాటు ఒకటి. గుంపులోనే అంగన్‌వాడీ రెండోది. అంగన్‌వాడీ అడగడానికి ఎంతమంది పిల్లలుండాలి?


ఆశా_అక్క · ఆగస్టు 22, రాత్రి 9:15

పూర్తి కేంద్రానికి 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది ఉంది. ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది ఉండి కేంద్రం లేకపోతే, అడిగిన మూడు నెలల్లో పెట్టాలి. మీ ఒక్క గుంపులో నలభై మంది ఉండరు. గిరిజన ప్రాంతంలో 150 జనాభా దాటితే మినీ కేంద్రం అడగొచ్చు. అవతల గట్టు మీద ఇంకో గుంపు ఉందన్నారు కదా, రెండూ కలిపి రాయండి.


మిర్చితోట · ఆగస్టు 22, రాత్రి 9:50

కలిపితే సరిపోతుంది. ఎల్లుండి సోమవారం భద్రాచలం ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసు) అర్జీలు తీసుకునే గిరిజన దర్బారుకు వెళ్తున్నాం. ఈసారి నేను కాగితం ఇవ్వను. చీటీ గురించి మాట్లాడిన ఆ తల్లే ఇస్తుంది, నేను పక్కన ఉంటాను.

ఒక అనుమానం. పిల్లల ఇంటిపేరు తండ్రి ఛత్తీస్‌గఢ్ ఓటరు కార్డులో మడ్కం అని ఉంది. బడిలో సారు మడకం అని రాశారు. దరఖాస్తులో ఏది రాయాలి?


ఖమ్మం_ప్లీడరు · ఆగస్టు 22, రాత్రి 10:05

కార్డులో ఉన్నట్టే రాయండి. పక్కనే 'బడి రికార్డులో మడకం' అని కూడా రాసి, రెండు పేర్లూ ఒకరివేనని ఒక లైను చేర్చండి. బడి రికార్డు ఇప్పుడే సరిచేయమని సారును అడగండి. పదో తరగతి దాకా ఆగితే చాలా కష్టమవుతుంది.


మిర్చితోట · ఆగస్టు 22, రాత్రి 10:12

సరే సార్. ఇప్పుడే కూర్చుని తిరగరాస్తున్నాను. ఏడుగురికి మడ్కం, ఇద్దరికి సోడి.